కుడివైపు ముందు రబ్బరు

బండి తాళంచెవి రొండిన దోపుకొని గడపలో అడ్డంగా కూర్చున్నాను.

"రబ్బర్లు మార్చకుండా ఈ బండి గేటు దాటేది లేదు. కావాలంటే నన్ను తొక్కించుకొని పో" అన్నాను మా ఆయనతో. తాళంచెవి నా దగ్గరుంటే తొక్కించేది ఎట్లాగో అప్పుడు తట్టలేదు. కోపంలో నేను అనే మాటలకు తలా తోకా ఉండవు. మా ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు.

"ఏమే, పొద్దున్నే ఏంది నీ గోల? రేపు కల్లూరికి బండలు దించాల. ఆడ ఇంటాయప్ప మేస్త్రీని పిలిపించుకోనుండాడు" అన్నాడు ఆయన.

"పిలిపించుకోనీ. నువ్వు అంతదూరం ప్రాణాలతో పోతే గదా బండలు దించేది!"

పక్కనుంచి మా అత్త కసిరింది. "ఏమ్మే, పొద్దుగాల పొద్దుగాల అపశకునం మాటలు! నాలుక్కి ఎముక లేదా నీకి?"

మా అత్త అంటే మా నాయనకు సొంత అక్క. అంటే పెళ్ళికి ముందు నుంచీ మేము పోట్లాడుకుంటూనే ఉన్నాం. పెళ్ళయ్యాక పోట్లాటకు దూరం తగ్గింది, అంతే.

ఇంతకూ నా భయమేమిటంటే, అంతకు ముందు వారం కర్నూల్లో పనుండి ఆయనతో పాటు ఆ బండిలో పోయి వచ్చాను. చూసేవాళ్ళు లారీ అంతా ఒకటే ముక్క అనుకుంటారు. కాదు. కింద చక్రాల మీది ఇనుప చట్రం, అదే చాసీ, వేరు; పైన మనుషులు కూర్చునే క్యాబిన్ వేరు. ఆ రెండింటి మధ్యా నాలుగు మూలల్లో అరచేయంత రబ్బర్లు నాలుగుంటాయి. రోడ్డు దెబ్బలన్నీ అవి తిని మనిషికి తెలియనివ్వవు. మా బండి మా పెళ్ళికన్నా పాతది. చెక్కా రేకూ కలిపి కట్టిన క్యాబిన్. దాని రబ్బర్లు ఎప్పుడో నలిగిపోయి, ఇనుము మీద ఇనుము కొట్టుకుంటోంది. పోయేటప్పుడు జమ్మలమడుగు దాటాక ఒక గుంతలో పడగానే నా పక్క తలుపు దానంతట అదే తెరుచుకుంది. కాళ్ళ దగ్గర రేకు సందులోంచి చూస్తే రోడ్డు పరుగెత్తుతోంది. బండి ఎడమకు తిరిగితే క్యాబిన్ ఒక క్షణం ఆలోచించుకొని అప్పుడు తిరుగుతోంది. ఆయన చేతుల్లో స్టీరింగు ఎగురుతోంది. గేరు జారిపోతుంటే ఒక మోకాలితో అదిమి పట్టి నడుపుతున్నాడు మహానుభావుడు!

"ఇదేంది బావా ఇది?" అంటే, "పాత బండి గదా, మాట్లాడతాంటాది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగి వచ్చి మా ఎర్రగుంట్లలో దిగేదాకా ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. ఆయన రోజూ దీంట్లో పోయి వస్తున్నాడు, నేను ఇంట్లో పప్పు ఎనుపుకుంటూ ఏమీ తెలియకుండా ఉన్నాను.

కొత్త రబ్బర్లు కొని మంచం కింద పడేసి నెలలైంది. బిగించే తీరిక లేదంటాడు. పోనీ ఇప్పుడు చేయించమంటే, మెకానిక్కు బద్వేలులో పెళ్ళికి పోయాడంటాడు. వచ్చేదాకా ఆగమంటే కల్లూరాయన ఆగడంటాడు. అన్నిటికీ జవాబుంది ఆయన దగ్గర.

"ఏం కాదులేమ్మే" అంది అత్త. "నేను చూసుకుంటాండా గదా!"

అదీ ఆమె ధైర్యం. అమావాస్య అమావాస్యకూ గుప్పెడు రాళ్ళుప్పు, ఒక ఎండుమిరపకాయ నల్లగుడ్డలో మూటగట్టి, బండి చుట్టూ తిప్పి దిష్టి తీస్తుంది. ఆ మూటను బండికే కట్టాలి. కట్టింది విప్పకూడదు. దానంతట అది రాలిపోవాలి. మా మామ కూడా లారీ నడిపేవాడు. ఒక అమావాస్యనాడు మొగుడూ పెళ్ళాం మాటామాటా అనుకొని, ఆమె దిష్టి తీయకుండా లోపలికి పోయి పడుకుందట. ఆయన బండి తిరిగి రాలేదు. అప్పటి నుంచీ ఈమె ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. జ్వరమొచ్చినా గోడ పట్టుకొని లేచి వస్తుంది. దీని మీద మాత్రం నేను ఎప్పుడూ నోరు చేసుకోలేదు.

మొదట్లో ముందు బంపరుకే కట్టేదట. తోటి డ్రైవర్లు ఎగతాళి చేస్తున్నారని మా ఆయన ఒకసారి తెంపి పారేశాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఎవరికీ కనపడని చోట కట్టడం మొదలుపెట్టింది. "యాడ కడతాండావు అత్తా?" అంటే, "చెప్తే పని చెయ్యదు" అంటుంది. మేమూ వెతకలేదు.

సరే, చివరికి ఆయనే దిగివచ్చాడు. "నడువు, మనమే మారుద్దాం. నాలుగు బోల్టులే గదా! జాకీ నువ్వు కొట్టు."

మధ్యాహ్నం ఎండ తగ్గకముందే మొదలుపెట్టాం. చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాం. బోల్టులకు కిరసనాయిలు పోసి నానబెట్టాం. నేల మీద బండ పరిచి, దాని మీద జాకీ నిలబెట్టి, జాకీకీ క్యాబిన్‌కూ మధ్య చెక్కదిమ్మె పెట్టాలి. నేను జాకీ కొడితే క్యాబిన్ ఆ మూల రెండు వేళ్ళు లేస్తుంది. ఆయన చెయ్యి పెట్టి పాత రబ్బరు లాగి కొత్తది దూరుస్తాడు. నేను దించుతాను. అంతకన్నా ఎక్కువ లేపితే స్టీరింగు రాడ్డు వంగిపోతుందని ముందే చెప్పాడు.

ఎడమవైపు రెండూ బాగానే అయ్యాయి. వెనకటి రబ్బరు సద్దరొట్టెలాగా పలచగా, ఎండిపోయి వచ్చింది. దాన్ని నా ముఖం ముందు ఆడిస్తూ, "తింటావా?" అన్నాడు. "నువ్వే తిను, ఇన్నాళ్ళూ దీని మీదనే బతికినావు గదా" అన్నాను. కుడివైపు వెనకది కూడా అయింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది. అత్త అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తూ మమ్మల్నే చూస్తోంది.

మిగిలింది కుడివైపు ముందుది. డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోటుకు సరిగ్గా కింద. ముందు చక్రం వెనకాల తలకాయంత మట్టిగడ్డ పట్టి ఉంది అక్కడ. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, గ్రీజు, రోడ్డు బురద కలిసి గట్టిపడితే అట్లాగే ఉంటుంది మా ఊళ్ళో ప్రతి బండికీ. ఆయన పానాతో పక్కనుంచి గీకి బోల్టు తల మటుకు తేల్చుకున్నాడు.

పానా పెట్టి తిప్పాడో లేదో బోల్టు విరిగి చేతిలోకి వచ్చింది.

"ఇంత సులభంగా వచ్చిందేందప్పా ఇది!" అన్నాడు.

మిగతా మూడింటికీ చెమటలు కక్కాం. ఇది అట్లా రావడం నాకు నచ్చలేదు. "బావా, ఆగు. మెకానిక్కు రానీ" అన్నాను. "మూడైనాయి, ఒక్కదానికి ఆగేదేంది! కొట్టు" అన్నాడు. పొద్దుటి నుంచీ మార్చు మార్చు అని ప్రాణం తీసింది నేనే గదా, ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటుంది? కొట్టాను.

క్యాబిన్ లేచింది. కానీ లేచిన చప్పుడు వేరుగా ఉంది. లోపల ఎక్కడో అప్పడం నలిగినట్టు వినపడింది. ఆయన చక్రం వెనక గొంతుక్కూర్చొని కుడిచెయ్యి సందులోకి పెట్టాడు. "దొరికింది, ఇంక రవ్వంత" అన్నాడు. నేను ఇంకొక్కసారి జాకీ కొట్టాను.

చెక్కదిమ్మె ఆనిన చోట క్యాబిన్ అడుగు ఇనుప పట్టీ పొడిపొడిగా రాలింది. జాకీ దిమ్మెతో సహా నేలరేకును చీల్చుకొని క్యాబిన్ లోపలికి దూరింది. క్యాబిన్ ఆ మూల దబ్బున కిందికి కూర్చుంది.

ఆయన నోరు తెరిచి నా వైపు చూశాడు, అంతే. చెయ్యి మణికట్టు దాకా క్యాబిన్‌కూ చాసీకీ మధ్య ఉంది.

"బావా! బావా!"

"లేపు" అన్నాడు మెల్లగా. "బిరీన లేపు."

జాకీ ఎక్కడ పెట్టను? ఒక చోట పెట్టి కొడితే దిమ్మె మళ్ళీ రేకులోకి దిగింది. క్యాబిన్ ఇంకొంచెం కుంగింది. అప్పుడు అరిచాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డ్రైవరుకు కుడిచెయ్యి పోతే ఏముంటుంది? అది తప్ప ఆ మనిషికి ఇంకో పని రాదు, ఇంకో పని ఇష్టమూ లేదు. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో నా తలలో తిరిగాయి.

అత్త చింతపండు చేట కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి ఏం చేసింది? లోపలికి పోయి ఉప్పు తెచ్చింది! కొడుకు తల చుట్టూ తిప్పుతూ, "తల్లీ, పెద్దమ్మా, నా కొడుకును ఇడిసిపెట్టు" అని ఏడుస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా! ఆ ఉప్పు పారేసి ఈడికి రా! దండాలు మళ్ళ పెట్టుకుందువు!" అని ఊరంతా వినపడేటట్టు అరిచాను.

బండలు పక్కకు జరిపే గడ్డపార బండి వెనకాల ఉంది. తెచ్చి దాని మొన క్యాబిన్ కిందికి తోశాను. మొదటి చోట ఇనుము పెళ్ళలుగా ఊడింది. తలుపు కమ్మీ కింద ఒక చోట గట్టిగా తగిలింది. గడ్డపారను చాసీ మీద ఆనించి ఇవతలి కొసను కిందికి నొక్కాను. కదల్లేదు. అత్త నా పక్కకు వచ్చింది. ఇద్దరం కొస పట్టుకొని వేలాడాం. ఆమె బక్క మనిషి. ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆమె పాదాలు నేల మీద లేవు.

"లాగు నాయనా, లాక్కో!" అని అరిచింది అత్త.

ఆయన లాక్కున్నాడు. వెంటనే క్యాబిన్ మళ్ళీ కూలబడింది. మేమిద్దరం ఒకరి మీద ఒకరు పడ్డాం.

చేతిని చూడలేకపోయాను. కొంగు చుట్టేశాను. వీధిలో పోతున్న ఆటోను ఆపి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా ఆయన, "వేళ్ళు ఉండాయా? చూడవే, ఉండాయా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఉండాయి, ఉండాయి" అంటూ నేను చూడకుండానే చెప్పాను.

ఉన్నాయి. రెండు వేళ్ళ ఎముకలు నలిగాయి. చర్మం పోయింది. కానీ చెయ్యి నిలుస్తుందని, కట్టు విప్పాక అలవాటు చేసుకుంటే స్టీరింగు పట్టుకోవచ్చని డాక్టరు అన్నాడు. అప్పుడు కూర్చొని ఏడ్చాను. అత్త నా వీపు నిమిరింది. "చూసినావామ్మే, నా ఉప్పు కాచింది. లేకుంటే చెయ్యే పోయ్యేది" అంది. కాచింది ఉప్పు కాదు, గడ్డపార అని నోటి దాకా వచ్చింది. పోనీలే, ఆమె చేతులు కూడా బొబ్బలెక్కి ఉన్నాయి అని ఊరుకున్నాను.

మరుసటి రోజు ఆయన్ను ఇంటికి తెచ్చాం. బండి మూలకు కూర్చున్న క్యాబిన్‌తో అట్లాగే ఉంది. వీధి చివర వెల్డింగ్ షాపాయనను పిలిచాం. ఆయన వంగి చూశాడు. "మిగతా బండంతా గట్టిగానే ఉండాది గదప్పా, ఈ ఒక్క మూలే ఇట్ల ఎందుకు తినేసింది?" అంటూ సుత్తితో ఆ మట్టిగడ్డను కొట్టాడు.

గడ్డ రెండుగా పగిలి కింద పడింది. లోపల మట్టి కాదు. నల్లగుడ్డ పేలికలు. ఒకదాని మీద ఒకటి, ముడి మీద ముడి, ఎన్నేళ్ళవో. మధ్యలో తెల్లగా పేరుకున్న పొర. శుక్రవారం శుక్రవారం బండి కడిగిన నీళ్ళన్నీ పీల్చుకొని, ఎండకు గట్టిపడి, మళ్ళీ తడిసి, ఇనుముకు అంటుకొనిపోయి ఉంది. ఎండుమిరప తొడిమలు ఇంకా కనపడుతున్నాయి.

వెల్డింగాయనకు అర్థం కాలేదు. నాకు అయింది. తల తిప్పి చూశాను. అత్త టీ గ్లాసు పట్టుకొని నా వెనకే నిలబడి ఉంది.

అప్పుడు నాకొచ్చిన కోపం జన్మలో రాలేదు. చిన్నప్పటి నుంచీ ఈమె నన్ను అన్న ప్రతి మాటకూ బదులు ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చింది. నీ కొడుకు చెయ్యి నలగ్గొట్టింది నువ్వే. అదే కల్లూరు రోడ్డు మీద బండల లోడుతో ఊడి ఉంటే ఏమయ్యేది? మామను చంపింది దిష్టి కాదు, ఇప్పుడు ఈయన్ను చంపబోయింది మాత్రం నీ ఉప్పే. అన్నీ వరసగా ఉన్నాయి. నోరు తెరిచాను కూడా.

అత్త గ్లాసు కింద పెట్టింది. వంగి ఆ తెల్లపెళ్ళ ఒకటి తీసుకుంది. దాన్ని అంటుకొని ఎర్రటి తుప్పు పొర ఆకులాగా ఊడి వచ్చింది. వేలితో నలిపి నాలుక మీద పెట్టుకుంది. అట్లాగే నిలబడింది.

"వాని కాళ్ళ కింద ఉంటే మంచిదని ఈడ కట్నా" అంది. ఎవరితో అందో తెలియదు. "వాడు కూచునే చోట కిందనే."

ఆ ముఖం చూసి ఎవరైనా ఏమంటారు?

మా ఆయన కట్టుతో ఉన్న చెయ్యిని మెడకు తగిలించుకొని అరుగు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే, "పాత ఇనుమప్పా, తుప్పు పట్టకుండా ఉంటాదా? కొత్త పట్టీ ఎయ్యి" అన్నాడు వెల్డింగాయనతో. అత్త ఆ మాట విననట్టే లోపలికి పోయింది. ఆ పూట తినలేదు. మర్నాడు కూడా నేను కంచం ముందు పెట్టి, "తింటావా, నోట్లో కుక్కాలా?" అంటే రెండు ముద్దలు తింది. నాతో పోట్లాడడం మానేసింది. ఆమె తిట్టని ఇల్లు నాకు ఇల్లులాగా అనిపించలేదు.

కుళ్ళిన పట్టీ కోసేసి కొత్తది అతికారు. నేలరేకు మార్చారు. నాలుగో రబ్బరు మెకానిక్కు వచ్చి బిగించాడు. బండి గేటులోనే ఉంది, ఆయన చెయ్యి కోసం ఎదురు చూస్తూ. ఆ మధ్యలో వచ్చిన అమావాస్యకు అత్త బయటికే రాలేదు. జ్వరంలోనూ మానని మనిషి! కండ్లు తెరుచుకొని గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఏడుపొచ్చింది.

కట్టు విప్పారు. రెండు వేళ్ళు పూర్తిగా మడత పడవు. అయినా స్టీరింగు పట్టుకుంటున్నాడు. మొదటి లోడు కల్లూరికే దొరికింది, ఆ రోజు ఆగనన్న ఇంటాయనకే, ఈసారి మేడ మీద గదులకు. బయలుదేరే రోజు మళ్ళీ అమావాస్య. మేం అనుకొని పెట్టుకున్నది కాదు, అట్లా పడింది.

నేను కూడా పోతానన్నాను. "నువ్వెందుకే?" అన్నాడు. "నీ రెండు వేళ్ళ బదులు" అన్నాను. తలుపు తీసి మెట్టు ఎక్కానో లేదో అత్త బయటికి వచ్చింది. చేతిలో నల్లగుడ్డ మూట ఉంది. బండి చుట్టూ తిరిగింది, కానీ ఎప్పటిలాగా కాదు. బండికి ఎడంగా జరిగి తిరిగింది. చీర అంచు కూడా రేకుకు తగలనివ్వలేదు. తిరగడం అయిపోయాక మూట పట్టుకొని అట్లాగే నిలబడింది. ఒకసారి బంపరు వైపు చూసింది, ఒకసారి చక్రం వైపు చూసింది. చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"ఇది యాడ కట్టాలమ్మే?" అని అడిగింది.

నా మేనత్త నన్ను సలహా అడగడం నా పుట్టుకలో అదే మొదలు. కిందికి దిగి నా కొంగు ఆమె ముందుకు చాపాను.

"ఈడ కట్టు. ఎట్లాగూ నీ కొడుకు పక్కనే కూచుంటాండా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇది నిన్ను తినదు గదామ్మే?"

"నన్ను తినేకి దానికంత ధైర్యం యాడిది!"

అత్త నవ్వలేదు. మూటను కొంగు కొసకు ముడి మీద ముడి వేసి కట్టింది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. "పోయి రాండి" అంది. చాలా రోజులకు ఆ గొంతులో పాత కసురు కొంచెం వినపడింది. "బిరీన రాండి. దావలో వానితో కొట్లాడొద్దు."

కొత్త రబ్బర్ల మీద క్యాబిన్ మెత్తగా పోతోంది. తలుపు తెరుచుకోలేదు. గేరు జారలేదు. మామూలు గొంతుతో మాట్లాడుకుంటే వినపడుతోంది. ఆయన నా కొంగు వైపు ఓరగా చూశాడు గానీ ఏమీ అడగలేదు.

నాకు ఉప్పు మీద ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. కానీ జమ్మలమడుగు దాటాక మళ్ళీ ఆ గుంత వచ్చింది. ఆయన రెండు వేళ్ళూ స్టీరింగు మీద నిలువుగానే ఉన్నాయి. నేను ముందున్న కడ్డీని పట్టుకోలేదు. మూటను పట్టుకున్నాను.